జల్లెడ ఊపే యంత్రం మీరే చెయ్యాలంటే అట్టముక్కతో మొదలుపెట్టండి

కదిలే వస్తువేదన్నా సొంతంగా చెయ్యాలని ఉండి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆగిపోయిన వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మీరు పాలిటెక్నిక్‌లోనో ఐటీఐలోనో చదువుతూ ఉండొచ్చు, శనగలు బాగుచేసుకోవడానికి ఏదో ఒకటి బిగించుకుందాం అనుకునే రైతు కావచ్చు. చాలామంది ముందు మోటరు కొంటారు, తర్వాత గేర్లు కొంటారు, ఆ తర్వాత వీటితో ఏం చేద్దామా అని కూర్చుంటారు. అట్టా కాదు. ముందు మీకు కావలసిన కదలిక ఏంటో కాగితం మీద ఒక్క ముక్కలో రాయండి. "జల్లెడ ముందుకీ వెనక్కీ 6 సెంటీమీటర్లు, నిమిషానికి 150 సార్లు ఊగాలి." ఎటు, ఎంత దూరం, ఎంత వేగం, ఈ మూడూ అందులో ఉండాలి. ఏ మోటరు పెట్టాలో దాన్నిబట్టే తేలుతుంది, అసలు మోటరు అక్కర్లేదని కూడా తేలొచ్చు.

ముందు చూడటం నేర్చుకోండి

దీనికి డబ్బులేం ఖర్చు పెట్టక్కర్లేదు, మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కళ్ళు తెరుచుకుని తిరిగితే చాలు. టైలరు షాపు ముందు ఆగి తొక్కుడు మిషను కిందకి వంగి చూడండి. పెడలు ఊగుతుంది, దానికి తగిలించిన కడ్డీ పైకి వెళ్ళి పెద్ద చక్రాన్ని తిప్పుతుంది, స్టాండు కదలదు. పెడలు, కడ్డీ, చక్రం, స్టాండు, మొత్తం నాలుగు ముక్కలు, వాటి మధ్య నాలుగు కీళ్ళు. దీన్నే ఫోర్ బార్ మెకానిజం అంటారు. బస్సు అద్దం మీద వైపరు కూడా ఇదే కుటుంబం, కాకపోతే అక్కడ మోటరు తిరుగుతుంటే వైపరు ఊగుతుంది, ఇక్కడ కాలు ఊపుతుంటే చక్రం తిరుగుతుంది. ఆ తేడా ఎందుకు ముఖ్యమో కాసేపట్లో చెప్తాను.

చీమకుర్తి వైపు గ్రానైట్ ఫ్యాక్టరీలో తెలిసినవాళ్ళుంటే గ్యాంగ్ సా, అంటే వరసగా చాలా బ్లేళ్ళున్న రంపం, నడిచేటప్పుడు ఒకసారి చూపించమనండి. పెద్ద ఫ్లైవీలు, అంటే బరువైన చక్రం, దాని మీద మధ్యకి దూరంగా ఒక పిన్ను, ఆ పిన్నుకి పొడుగాటి కడ్డీ, ఆ కడ్డీ చివర బ్లేళ్ళ చట్రం. బండని కోసేది ఇంత సాదా ఏర్పాటే. బుచ్చిరెడ్డిపాళెం రైసు మిల్లుల్లో వడ్లు జల్లించే జల్లెడ కూడా అదే వరస, సైజే తేడా.

ఊళ్ళో బోరింగు, అంటే ఇండియా మార్క్ 2 చేతిపంపు, రిపేరుకి వచ్చి పైమూత తీసినప్పుడు మాత్రం తప్పకుండా పక్కన నిలబడండి. హ్యాండిలు ఊగేదేమో వంపుగా, లోపలి కడ్డీ వెళ్ళాల్సిందేమో నిట్టనిలువుగా. హ్యాండిలుకి కడ్డీని నేరుగా కీలుతో బిగిస్తే అది పక్కకి గుంజుకుపోతుంది, కొద్దిరోజుల్లో అరిగి కూర్చుంటుంది. అందుకని హ్యాండిలు చివర చక్రం ముక్కలాంటి వంపు పెట్టి, దాని మీద నుంచి గొలుసు వేలాడదీశారు. హ్యాండిలు ఎక్కడున్నా గొలుసు ఆ వంపు నుంచి ఒకే చోట, ఒకే నిలువులో దిగుతుంది. హ్యాండిలు నిష్పత్తి 8 రెట్లు కాబట్టి చేతి దగ్గర మీటరు కదిలితే కడ్డీ 125 మిల్లీమీటర్లు కదులుతుంది, బలం ఆ మేరకు పెరుగుతుంది. ఇంకో సంగతి, గొలుసు లాగుతుందే గానీ తోయలేదు. కిందికి దిగడానికి కడ్డీల బరువే ఆధారం. కోవూరు దగ్గర పాటూరులో మగ్గం చూసినా ఇదే కనిపిస్తుంది, తాడు ఒకవైపే లాగుతుంది కాబట్టి ఒక తొక్కుడుచెక్క కిందికి వెళ్తే గిలక మీదుగా రెండో చట్రం పైకి లేచేలా కట్టుకుంటారు. తాడో గొలుసో వాడి ఏదన్నా చేస్తున్నారంటే తిరిగి వెనక్కి ఎవరు లాగుతారు అనే ప్రశ్న ముందే వేసుకోవాలి.

ఏది చూసినా గీతలు, గుండ్రాలతో బొమ్మ వేసుకోండి. ముక్కకి గీత, కీలుకి చిన్న గుండ్రం. కదలని చట్రం కూడా ఒక ముక్క కిందే లెక్క. తర్వాత చిన్న లెక్క ఒకటి చెయ్యండి: ముక్కల సంఖ్యలోంచి 1 తీసేసి 3తో గుణించండి, అందులోంచి కీళ్ళ సంఖ్యకి రెట్టింపు తీసెయ్యండి. కుట్టుమిషనుకి 3 × 3 = 9, తీసివేత 8, మిగిలింది 1. అంటే ఒక్కచోట కదిలిస్తే మిగతావన్నీ ఎటు వెళ్ళాలో ఖాయమైపోతుంది, మనకి కావలసింది అదే. మూడు ముక్కలు, మూడు కీళ్ళయితే 0 వస్తుంది, అది ఇంటి కప్పుకి పనికొచ్చే త్రికోణం, కదలదు. అయిదు ముక్కలు, అయిదు కీళ్ళయితే 2 వస్తుంది, దాన్ని ఒక మోటరుతో అదుపు చెయ్యలేరు. దీన్ని గ్రూబ్లర్ సూత్రం అంటారు, పరీక్షల కోసం కాకుండా పని కోసం వాడితే చాలా టైము మిగులుతుంది.

అట్ట, దబ్బనం, చిన్న బోల్టులు

ఫ్లెక్సీలు ప్రింటు చేసే షాపుల్లో సన్ బోర్డు, అంటే తేలికపాటి ఫోమ్ పలక, తుంపులు మిగిలిపోతుంటాయి, అడిగితే ఇస్తారు. అది దొరక్కపోతే టీవీ డబ్బా అట్ట. బెజ్జాలకి దబ్బనం, కీళ్ళకి 3 మిల్లీమీటర్ల బోల్టులు, ముక్కకీ ముక్కకీ మధ్య ఒక వాషరు. ఇంతే సామాను.

మొదటి మోడలు కొలతలు ఇవి. అడుగున ఉంచే పలక మీద రెండు బెజ్జాలు 11 సెంటీమీటర్ల ఎడంగా. ఒకదాని మీద 4 సెంటీమీటర్ల పట్టీ, ఇదే మీరు తిప్పే క్రాంకు. రెండోదాని మీద 8 సెంటీమీటర్ల పట్టీ, ఇది ఊగుతుంది. ఈ రెంటి చివర్లనీ కలుపుతూ 10 సెంటీమీటర్ల పట్టీ. కొలత అంటే పట్టీ పొడవు కాదు, బెజ్జం మధ్య నుంచి బెజ్జం మధ్యకి. కొత్తగా చేసేవాళ్ళు ఎక్కువగా పొరపడేది ఇక్కడే, కాబట్టి ముందు బెజ్జాలు పెట్టి, తర్వాత చుట్టూ ఎలా కావాలంటే అలా కత్తిరించుకోండి. క్రాంకు తిప్పితే అవతలి పట్టీ సుమారు 60 డిగ్రీలు ఊగుతుంది.

ఇప్పుడు క్రాంకుని పెంచుకుంటూ పోండి. 5 పెట్టినా తిరుగుతుంది, 6 పెట్టినా తిరుగుతుంది. సరిగ్గా 7 దగ్గర నాలుగు ముక్కలూ ఒకే గీత మీదికి వచ్చే చోటు ఒకటుంటుంది, అక్కడి నుంచి అటు వెళ్ళాలో ఇటు వెళ్ళాలో ఖాయం ఉండదు. 7 దాటితే పూర్తి చుట్టు తిరగదు. ఎందుకంటే అన్నింట్లోకీ చిన్నదీ పెద్దదీ కలిపితే, మిగతా రెండూ కలిపిన దాన్ని మించకూడదు, మించితే ఏ ముక్కా పూర్తిగా తిరగలేదు. జర్మన్ ఇంజనీరు ఫ్రాంజ్ గ్రాషోఫ్ 1883లో చెప్పిన నియమం ఇది. 7 + 11 = 18, 10 + 8 = 18. పుస్తకంలో చదివితే రెండు రోజుల్లో మర్చిపోతారు, చేతిలో అట్ట ఇరుక్కుపోతే మర్చిపోరు.

ఇదే మోడల్లో క్రాంకుని కాకుండా ఊగే పట్టీని పట్టుకుని ఊపి చూడండి. రెండు చోట్ల గట్టిగా పట్టేస్తుంది, క్రాంకూ కలిపే పట్టీ ఒకే గీతలోకి వచ్చినప్పుడు. వాటిని డెడ్ సెంటర్లు అంటారు. టైలరు కుట్టు మొదలుపెట్టే ముందు చేత్తో పైచక్రాన్ని ఒక తోపు తోసేది అందుకే, ఆ తర్వాత కింది చక్రం బరువే ఆ చోట్లని దాటించేస్తుంది. మీ యంత్రంలో ఊగేది తిప్పేదాన్ని నడుపుతుంటే బరువైన చక్రం తప్పనిసరి.

కొలతలు ఎక్కడి నుంచి వస్తాయి?

పైన నేనిచ్చిన 4, 8, 10, 11 ఎలా వచ్చాయని ఈపాటికి మీరు అడిగే ఉంటారు. ఇది తెలిస్తే మీరు కాపీ కొట్టడం మానేసి డిజైను చెయ్యడం మొదలుపెట్టినట్టే, కాబట్టి నిదానంగా చదవండి.

ఊగే పట్టీ ఎక్కడి నుంచి ఎక్కడికి ఊగాలో ఆ రెండు చివరి స్థానాలూ గీయండి. నేల మీద సుద్దతో, అసలు సైజులో గీస్తే ఇంకా మంచిది. క్రాంకు ఇరుసు ఎక్కడ పెట్టడానికి వీలుందో అక్కడ ఒక చుక్క పెట్టండి. ఆ చుక్క నుంచి పట్టీ చివరకి రెండు స్థానాల్లోనూ కొలవండి. పెద్ద కొలతలోంచి చిన్నది తీసేసి సగం చేస్తే క్రాంకు పొడవు. రెండూ కూడి సగం చేస్తే కలిపే కడ్డీ పొడవు. మన మోడల్లో ఆ దూరాలు 14, 6. తేడా 8, సగం 4. మొత్తం 20, సగం 10. అంతే. పట్టీ చివరల్లో ఉన్నప్పుడు క్రాంకూ కడ్డీ ఒకే గీతలో ఉంటాయి కాబట్టి ఒకసారి రెండూ కూడుకుంటాయి, ఒకసారి ఒకదాంట్లోంచి ఒకటి పోతుంది. కిటికీ రెక్క తెరిచి మూసేదైనా, మేత గొట్టం మూత ఊపేదైనా ఈ పద్ధతే.

రెండు పరీక్షలు చేసి వదిలెయ్యండి. ఒకటి, పైన చెప్పిన గ్రాషోఫ్ నియమం. రెండోది, కడ్డీకీ ఊగే పట్టీకీ మధ్య కోణం క్రాంకు తిరిగినంతసేపూ 40 డిగ్రీల కంటే తగ్గకుండా, 140 దాటకుండా చూసుకోవాలి. అంతకంటే దాటితే కడ్డీ పట్టీని ఊపడం మానేసి దాని ఇరుసుని నొక్కడం మొదలుపెడుతుంది. మన మోడల్లో తక్కువలో తక్కువ 44 వస్తుంది, పర్వాలేదు. బాగా రాకపోతే చుక్కని జరిపి మళ్ళీ కొలవండి. ఫోనులో జియోజీబ్రా యాప్ ఉచితంగా దొరుకుతుంది, అందులో ఇదే బొమ్మ వేసి చుక్కని వేలితో జరుపుతుంటే అన్నీ కళ్ళముందే మారతాయి. అయినా అట్ట మానొద్దు. ఫోనులో ముక్కలు ఒకదాంట్లోంచి ఒకటి దూరిపోతాయి, అట్టలో గుద్దుకుంటాయి. ఏ ముక్క ఏ పొర మీద ఉండాలో చెప్పేది అట్టే.

ఈ పొరల సంగతే క్రాంకు దగ్గర చాలామందిని దెబ్బకొడుతుంది. ఇరుసు రెండు బేరింగుల్లో అటూ ఇటూ ఉండి, మధ్యలో క్రాంకు పిన్ను పెట్టారనుకోండి, సగం చుట్టు తిరిగేసరికి కడ్డీ వచ్చి ఇరుసుకే కొట్టుకుంటుంది. అందుకే క్రాంకుని ఇరుసు చివర, బేరింగుకి అవతల పెట్టాలి. మధ్యలోనే కావాలంటే ఎక్సెంట్రిక్ పెట్టాలి. ఎక్సెంట్రిక్ అంటే భయపడేదేం లేదు, క్రాంకు పిన్నుని లావు చేసుకుంటూ పోయి అసలు ఇరుసే దాని లోపలికి వచ్చేసేంత లావు చేస్తే వచ్చే డిస్కు అది. చిన్న ఊపులకి చాలా బాగుంటుంది, పెద్ద ఊపులకి డిస్కు మరీ పెద్దదైపోతుంది.

ఎక్కువ ప్రాణం కీళ్ళ మీద పెట్టండి

పట్టీలు చెక్కవా ఇనుపవా అన్నది రెండో విషయం. యంత్రం నిలబడేదీ పోయేదీ కీలు దగ్గరే. ఒక్కో కీలులో అర మిల్లీమీటరు వదులు ఉంటే నాలుగు కీళ్ళకీ కలిసి చివర్లో టకటకమని కొట్టుకుంటుంది, కొట్టుకునే కొద్దీ బెజ్జం ఇంకా పెద్దదవుతుంది. చెక్కలో నేరుగా బోల్టు తిప్పొద్దు, ఇత్తడి బుష్, అంటే చిన్న గొట్టం ముక్క, దిగ్గొట్టి దాంట్లో తిప్పండి. బోల్టు త్రెడ్ మీద కీలు తిరగకూడదు, నున్నగా ఉన్న భాగం మీద తిరగాలి, కాబట్టి పొడుగు బోల్టు కొని త్రెడ్ అవతలికి వచ్చేలా కోసుకోండి. నట్టు గట్టిగా బిగిస్తే కీలు తిరగదు, వదులుగా ఉంచితే రెండు రోజుల్లో ఊడిపోతుంది. నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉండి దానంతటది వదులవనిది) వాడండి, లేదా రెండు నట్లు ఒకదాని మీద ఒకటి బిగించండి. బరువు పడే చోట పట్టీని ఒకపక్కనే వేలాడదీయకుండా రెండు రేకుల మధ్య పెట్టి పిన్ను అటూ ఇటూ పట్టుకునేలా చెయ్యండి, పిన్ను వంగదు.

సమానంగా ఉండాల్సిన పట్టీలుంటే విడివిడిగా కొలిచి బెజ్జాలు వెయ్యొద్దు. అన్నీ కలిపి వైసులో పట్టి ఒకేసారి డ్రిల్లు దించండి. కొలత ఒక మిల్లీమీటరు తప్పినా అన్నీ ఒకేలా తప్పుతాయి, పని జరుగుతుంది.

ఇనుములోకి వెళ్ళే ముందు చెక్కతో ఒక చిన్న పని చేసి చెయ్యి కుదుర్చుకోవచ్చు. పాత ఇనుప సామాన్ల షాపులో కారు వైపరు మోటరు దొరుకుతుంది, 12 ఓల్టుల బ్యాటరీ మీద నడుస్తుంది, లోపల వర్మ్ గేరు ఉంటుంది కాబట్టి నెమ్మదిగా, బలంగా తిరుగుతుంది. దానికి నత్తచిప్ప ఆకారంలో చెక్క క్యామ్, అంటే తిరుగుతూ మీద ఆనినదాన్ని ఎత్తి దించే బిళ్ళ, కోసి పెట్టండి. దాని మీద ఆనించిన కర్ర మెల్లగా పైకి లేచి, మెట్టు దగ్గరికి రాగానే ఠక్కున పడుతుంది, పడిన చోట రేకుడబ్బా ఉంటే చేలో పిట్టల్ని తోలడానికి సరిపోతుంది. క్యామ్ ఒకవైపే తిరగాలి, వైర్లు తిప్పి పెడితే కర్ర మెట్టుకి తట్టుకుని విరుగుతుంది.

ఇక జల్లెడ

శనగలకి రెండంతస్తులు పెట్టండి. పై జల్లెడలోంచి గింజ కిందికి దిగి పెద్ద పెళ్ళలు, పుల్లలు పైన ఉండిపోవాలి, కింది జల్లెడ మీద గింజ ఆగి మట్టి, నలక రాలిపోవాలి. బెజ్జం సైజు ఎవరినీ అడగొద్దు, గుప్పెడు మీ గింజలే పట్టుకెళ్ళి షాపులో రేకు మీద పోసి చూసుకోండి.

జల్లెడ చట్రాన్ని నాలుగు మూలలా 30 సెంటీమీటర్ల పట్టీలతో స్టాండు నుంచి వేలాడదీయండి. నాలుగింటికీ బెజ్జాలు ఒకేసారి. పొడుగు జల్లెడ కదా అని పక్కకి మూడో పట్టీ కూడా పెడదామనిపిస్తుంది, కానీ ఇందాకటి లెక్క వేస్తే 5 ముక్కలు, 6 కీళ్ళు, 12లోంచి 12 పోతే 0. లెక్క ప్రకారం కదలకూడదు, కొలతలు వెంట్రుకవాసి కూడా తేడా లేకుండా సమానంగా ఉంటేనే కదులుతుంది. కాబట్టి పక్కకి రెండే. పట్టీలు సరిగ్గా నిలువుగా కాకుండా, కింది కొస గింజ బయటికి పోయే వైపుకి కొద్దిగా వాలి ఉండేలా బిగిస్తే జల్లెడ ముందుకు వెళ్ళేటప్పుడు కాస్త పైకి లేస్తుంది, గింజ దానంతటదే ముందుకు నడుస్తుంది. చాలా జల్లెడల్లో కీళ్ళే లేకుండా వంగే చెక్క పట్టీల్ని రెండు కొసలా బిగించేస్తారు, అరిగేది ఏమీ ఉండదు. మంచి వెదురు బద్ద దొరికితే మీరూ ప్రయత్నించండి.

వేగం విషయంలో గుడ్డిగా పోవద్దు. గింజ జల్లెడతో పాటు ఊగితే లాభం లేదు, జల్లెడ మీద జారాలి. జారాలంటే ఊపు బలం గింజ బరువులో సగమన్నా దాటాలి. లెక్క ఇది: నిమిషానికి చుట్లని దానితోనే గుణించి, క్రాంకు పొడవు మిల్లీమీటర్లతో గుణించి, 9 లక్షలతో భాగించండి. 30 మిల్లీమీటర్ల క్రాంకు, చేత్తో నిమిషానికి 60 చుట్లు: 0.12. ఎంత తిప్పినా గింజ కదలదు. అదే పాత సైకిలు చైనుచక్రం 44 పళ్ళది, క్రాంకు ఇరుసుకి ఫ్రీవీలు (వెనక చక్రానికుండే చిన్న పళ్ళచక్రం) 18 పళ్ళది పెడితే 60 చుట్లు 147 అవుతాయి, లెక్క 0.72 వస్తుంది. చక్కగా జారుతుంది, కరెంటు అక్కర్లేదు. పెడలు ఇరుసు ఉండే గొట్టంతో సహా సైకిలు ఫ్రేము ముక్క కోయించి స్టాండుకి వెల్డింగు చేయించండి, ఫ్రీవీలు పట్టుకెళ్ళి దానికి సరిపోయే త్రెడ్‌తో బుష్ లేత్ మీద చేయించండి. ఇరుసు మీద బరువైన పాత పుల్లీ ఒకటి వేస్తే చేతికి కుదుపు తెలియదు. క్రాంకుని జల్లెడకి కలిపే కడ్డీ కనీసం 15 సెంటీమీటర్లు, 30 ఉంటే ఊపు ఇంకా సమంగా ఉంటుంది.

మోటరే కావాలంటే 1440 చుట్ల అర హెచ్‌పీ మోటరుకి 2 అంగుళాల పుల్లీ, ఇరుసుకి 10 అంగుళాలది. 288 చుట్లు వస్తాయి. క్రాంకు అదే 30 ఉంచితే లెక్క 2.8 దాకా పోతుంది, అంటే జల్లెడ బరువుకి దాదాపు మూడు రెట్ల బలం ప్రతి ఊపులోనూ కీళ్ళ మీద పడుతుంది, వెల్డింగులు ఊడతాయి. వేగం రెట్టింపైతే బలం నాలుగు రెట్లవుతుందని గుర్తుపెట్టుకుని క్రాంకుని 10కి తగ్గించండి, 0.92 వస్తుంది. ఇక్కడ ఎక్సెంట్రిక్ బాగా కుదురుతుంది: 20 మిల్లీమీటర్ల ఇరుసు, స్టాండుకి బోల్టులతో బిగించే యూసీపీ 204 బేరింగులు రెండు, 60 మిల్లీమీటర్ల డిస్కుకి మధ్య నుంచి 10 మిల్లీమీటర్లు పక్కకి బెజ్జం, డిస్కు మీద 6212 బేరింగు. బేరింగు నంబరులో చివరి రెండంకెలు 04 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే వాటిని 5తో గుణిస్తే లోపలి బెజ్జం సైజు మిల్లీమీటర్లలో వస్తుంది, 04 అంటే 20, 12 అంటే 60, షాపుకెళ్ళినప్పుడు పనికొస్తుంది.

బెల్టుకీ చైనుకీ రేకు మూత వెయ్యకుండా స్విచ్ వెయ్యొద్దు, కళ్ళంలో పైటకొంగులు, తువ్వాళ్ళు ఉంటాయి, పిల్లలు తిరుగుతుంటారు. స్టాండు కాళ్ళకి బరువు కట్టండి, లేదా నేలలో పాతండి, లేకపోతే జల్లెడ బదులు స్టాండు ఊగుతుంది. మొదట ఖాళీగా చేత్తో నాలుగు చుట్లు తిప్పి ఎక్కడా తగలట్లేదని చూసుకుని, తర్వాత పది నిమిషాలు ఖాళీగా నడిపి, కీళ్ళని చేత్తో తాకండి. ఏది వేడెక్కిందో అక్కడ పిన్ను బిగుసుకుందనో వంకరగా ఉందనో అర్థం. దాన్ని సరిచేసి, నట్లన్నీ మరోసారి బిగించి, గ్రీజు పెట్టి, అప్పుడు ఒక తట్ట శనగలు పొయ్యండి. గింజ ఒక పక్కకే పోతుంటే పట్టీల్లో ఏదో పొట్టిగా ఉన్నట్టు. మరీ తొందరగా బయటికి వచ్చేస్తుంటే వాలు తగ్గించండి, మట్టి రాలకుండా గింజతోనే వచ్చేస్తుంటే గింజని పలచగా పొయ్యండి.